స్నానపు గది తలుపు ఏల వంగును?

వానాకాలము రాగానే మన ఇండ్లలో స్నానపు గది తలుపు ద్వారబంధములో బిగుసుకొనును. వెంటనే వడ్రంగిని పిలిపించి అంచును చిత్రిక పట్టింతుము. వేసవి వచ్చుసరికి అదే తలుపు ప్రక్కన వ్రేలు దూరునంత సందు కనిపించును. పలక వంకర మాత్రము అట్లే ఉండును. డబ్బు ఖర్చయినది, తలుపు బాగుపడలేదు. కర్రకును తేమకును గల సంబంధము తెలిసినచో ఈ నష్టము తప్పించుకొనవచ్చును.

కర్ర సన్నని గొట్టముల వంటి కణముల కట్ట. ఈ కణములలో ఎక్కువ భాగము చెట్టు నిలువునకే సాగియుండును. పచ్చికర్రలో నీరు రెండు చోట్ల ఉండును: కణముల లోపలి ఖాళీలయందు, కణకవచములయందు. కర్ర ఎండునపుడు మొదట ఖాళీలలోని నీరు పోవును. అంతవరకు కర్ర కొలతలు మారవు. తేమ, పూర్తిగా ఎండిన కర్ర బరువులో సుమారు 30 శాతమునకు దిగిన పిదప కణకవచములలోని నీరు పోనారంభించును. అప్పటి నుండి కర్ర కుంచించుకొనును. తేమ మరల చేరినచో ఉబ్బును.

ఈ మార్పు అన్ని దిక్కులందును సమానము కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండుసరికి వలయముల వెంబడి సుమారు 5.8 శాతము, నడిబొడ్డు నుండి బెరడు వైపునకు సుమారు 2.5 శాతము కుంచించుకొనును. నిలువున కలుగు మార్పు అతి స్వల్పము. వలయముల వెంబడి వెడల్పు వచ్చునట్లు కోసిన 20 సెంటీమీటర్ల టేకు పలకలో తేమ 8 నుండి 14 శాతమునకు పెరిగెననుకొందము. దాని వెడల్పు సుమారు 2.3 మిల్లీమీటర్లు పెరుగును. అట్టి నాలుగు పలకలను అతికిన తలుపు సుమారు 9 మిల్లీమీటర్లు పెరుగును. తలుపు బిగియుటకు ఇంతకన్న ఏమి కావలెను?

ఇక వంకర సంగతి. ఒక పోస్టుకార్డును ఒక వైపు మాత్రమే తడిపి చూడుడు. తడిసిన ముఖము సాగి ఉబ్బెత్తుగా మారును, కార్డు పొడి ముఖము వైపునకు వంగును. తలుపు పలకయు ఇట్లే వంగును. కనుక వంకరకు కారణము తేమ ఉండుట కాదు, రెండు ముఖములందలి తేమలో భేదముండుట. అయితే కర్రలో మరియొక చిక్కు కలదు. తడిసిన ముఖము ఉబ్బబోవునపుడు వెనుకనున్న పొడి కర్ర దానిని అడ్డగించును. అందుచే అచటి కణములు నలిగిపోవును. ఎండిన పిదప ఆ ముఖము మునుపటికన్న కురుచయై, వంకర ఎదురు దిక్కునకు తిరిగి స్థిరపడవచ్చును.

బాగుచేయు పద్ధతి ఇది. తలుపును ఊడదీసి, పల్లముగానున్న ముఖము మీది రంగును గీకివేయవలెను. ఎండలో తడి గోనెసంచులు పరచి, ఆ ముఖము క్రిందికి వచ్చునట్లు పలకను బోర్లించవలెను. ఉబ్బెత్తు ముఖమునకు ఎండ తగులును, పల్లపు ముఖము తేమ పీల్చును. నడుమ కొన్ని ఇటుకలు పెట్టి, మధ్యమధ్య చూచుచుండవలెను. పలక చదునైన తరువాత ఎదురు దిక్కునకు రవంత వంగనిచ్చుట మంచిది, ఏలనన కొంత వెనుకకు మరలును. పిదప రెండు ముఖములకును గాలి తగులునట్లు నీడలో, బరువుల క్రింద, నెమ్మదిగా ఆరబెట్టవలెను. వెనుక అడ్డపట్టీలు బిగించునపుడు పట్టీలలోని మరమేకుల రంధ్రములను పలక వెడల్పు దిక్కుగా కోలగా తొలువవలెను. లేనిచో కదలుటకు చోటులేక పలక చీలును.

ఈ వైద్యము అసలు కర్రకే. ప్లైవుడ్‌లో ఒక పొర పోగులు ప్రక్క పొరకు అడ్డముగా ఉండుటచే అది వెడల్పున అంతగా మారదు. కర్రపొడిని జిగురుతో అదిమి చేసిన అట్టలు నీటికి ఉబ్బినచో మరల యథాస్థితికి రావు, వానిని మార్చవలసినదే.

చివరకు రంగు. ఇది తేమను పూర్తిగా ఆపదు, దాని రాకపోకలను మందగింపజేయును. ఒక ముఖమునకే రంగు వేసిన తలుపు మరల వంగును. రెండు ముఖములకును సమానముగా వేయవలెను. నిలువు పలకల తలుపులో క్రింది అంచున కణముల కొనలు తెరచియుండును, నీటిని మిక్కిలి వేగముగా పీల్చునది అదియే. నేలకు దగ్గరగా ఉండి కంటికి కనబడదు గనుక రంగువేయువారు దానిని తరచు విడిచిపెట్టుదురు. మీ ఇంట స్నానపు గది తలుపు క్రింద ఒక చిన్న అద్దము పెట్టి చూడుడు. ఆ అంచున పచ్చి కర్ర కనబడినచో, వానలకు ముందే, అది బాగుగా ఎండియున్నపుడు, రెండు పూతలు వేయుడు.