వార్తల్లో పదం: ఫ్లాగ్ స్టేట్
ఓడ ఏ దేశంలో నమోదైతే ఆ దేశమే దాని ఫ్లాగ్ స్టేట్. నడిసముద్రంలో ఓడ మీద ప్రధానంగా చెల్లేది ఆ దేశపు చట్టమే. మయామీ నుంచి బయల్దేరే విహార నౌకలు ఎక్కువగా బహమాస్, పనామా జెండాలవి. విదేశీ జెండా ఓడే కదా అని గంజాయి వెంట తీసుకెళ్లేవారికి ధీమా పనికిరాదు. ఓడ రేవులో ఉంటే అక్కడి చట్టమూ వర్తిస్తుంది. కాలిఫోర్నియా ఓటర్లు 2016లోనే గంజాయికి పచ్చజెండా ఊపినా, లాస్ ఏంజెలెస్‌లో ఓడెక్కేవారికి అమెరికా ఫెడరల్ నిషేధం తప్పదు. డాక్టరు చీటీ ఉందన్నా పెద్ద క్రూయిజ్ కంపెనీలు ఒప్పుకోవు. గంజాయి కలిపిన గమ్మీ బిళ్లలకూ అదే మాట.

అసలు చిక్కు అమెరికాకు తిరుగు ప్రయాణంలో. హెచ్-1బీ వీసా మీదున్న మనవాళ్లకైతే మరీను! బ్యాగులో దొరికింది చిన్న పొట్లమే అయినా, కోర్టులో శిక్ష పడకపోయినా, ‘నాదే’ అని అధికారి ముందు ఒప్పుకోవడమే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఈ బెడద లేకపోలేదు.