కుక్క లాగకుండా నడవాలంటే

పెంపుడు కుక్కలున్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, గేటు దాటగానే కుక్క మనిషిని ఈడ్చుకుపోతుందని. బాగా ఎదిగిన మగ లాబ్రడార్ 30 కిలోల పైనే తూగుతుంది. అంత బరువున్నది పిల్లిని చూసో, ఎదురింటి కుక్కను చూసో ఒక్క ఉదుటున ముందుకు దూకితే పెద్దవాళ్లు బోర్లా పడతారు, భుజాలు పట్టేస్తాయి, లీష్‌ను వేళ్లకు చుట్టుకున్నవాళ్లకు వేళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. ఆ భయంతో కుక్కను బయటికి తీసుకెళ్లడం తగ్గుతుంది. తగ్గేకొద్దీ దాని ఒంట్లో సత్తువ ఖర్చుకాక, తీసుకెళ్లిన రోజున మరింత లాగుతుంది. చివరికి చాలా కుక్కలు మెట్ల కిందో, కారు షెడ్డులోనో గొలుసుకే పరిమితమైపోతాయి. ఇది చట్టరీత్యా కూడా తప్పే. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ క్రూరత్వం కింద లెక్కవేసింది.

మనిషి మామూలుగా గంటకు 4, 5 కిలోమీటర్లు నడుస్తాడు. ఓ మోస్తరు కుక్కకు హాయిగా అనిపించే నడక అంతకన్నా వేగం. పైగా రోజంతా నాలుగు గోడల మధ్య ఉన్న ప్రాణికి ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి, ఎవరు వచ్చి వెళ్లారో వాసనతో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటుంది. ఈ రెండూ సహజమైనవే. లాగుడును పాతుకుపోయిన అలవాటుగా మార్చేది మాత్రం ఇంకొకటి. కుక్క స్తంభం వైపు లాగుతుంది, మనిషి దాని వెనకే నాలుగు అడుగులు వేస్తాడు, కుక్క స్తంభాన్ని చేరుకుంటుంది. లాగితే పని జరుగుతుందని దానికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో ఉంచి, బయటపడే ఉపాయం అవి ఎలా నేర్చుకుంటాయో గమనించి 1898లో ఆ పరిశోధనను ప్రచురించాడు. మంచి ఫలితం దక్కిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందనీ, ఫలితం దక్కనిదాన్ని క్రమంగా వదిలేస్తుందనీ ఆయన ప్రయోగాలు చూపించాయి. కుక్క లాగుడుకు మూలం ఇక్కడే ఉంది. రోజూ రెండు పూటలా దానికి లాగడం నేర్పుతున్నది లీష్ రెండో చివర పట్టుకున్న మనిషే.

ముందు నడిచే కుక్క పెత్తనం చేయాలని చూస్తోందని, దాన్ని లొంగదీయాలని చెప్పేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఈ నమ్మకం బోనుల్లో పెరిగిన తోడేళ్లను చూసి పుట్టింది. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన రుడోల్ఫ్ షెంకెల్ 1947లో అలాంటి తోడేళ్ల గురించే రాశాడు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను దశాబ్దాలపాటు పరిశీలించిన డేవిడ్ మీచ్, అక్కడి గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, వాటి పిల్లలతో కూడిన కుటుంబమేనని 1999లో వివరించాడు. తోడేళ్ల విషయంలోనే నిలవని వాదనతో ఇంట్లో పెరిగే కుక్కను కొట్టడంలో అర్థం లేదు. అది ముందుకు పోతున్నది ముందు ఆసక్తికరమైనదేదో ఉందని, అంతే.

కాబట్టి నేర్పవలసిన నియమం ఒక్కటే. లీష్ వదులుగా ఉంటే నడక సాగుతుంది, బిగిస్తే ఆగుతుంది. నియమం చిన్నదే గానీ దాన్ని ప్రతిసారీ పాటించడం కష్టం. సోమవారం నుంచి శనివారం దాకా జాగ్రత్తగా నేర్పి, ఆదివారం తొందరలో కుక్క లాగినచోటికల్లా పోతే పరిస్థితి మొదటికన్నా చెడుతుంది. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దక్కే అలవాటు అంత తేలిగ్గా పోదని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఆయన సహచరులు ఎలుకలు, పావురాలతో చేసిన ప్రయోగాలు రుజువు చేశాయి. ఈసారి కాకపోతే వచ్చేసారైనా లాగుడు పనిచేస్తుందని కుక్క పట్టు వదలదు. అన్నిటికన్నా ఎక్కువగా ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే. అమ్మ ఆపుతుంది, కొడుకు పరుగెత్తిస్తాడు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గొలుసు పట్టుకుని ఫోను మాట్లాడుతూ దాని వెంట పోతాడు. కుక్కను బయటికి తీసుకెళ్లే ప్రతి మనిషికీ ముందు ఈ నియమం చెప్పాలి.

నేర్పే ముందు సామాను చూసుకోవాలి. ఇనుప గొలుసు బరువుగా ఉంటుంది, చేతిని కోస్తుంది, బిగువు ఎప్పుడు మొదలైందో చేతికి సరిగ్గా తెలియనివ్వదు. అయిదారు అడుగుల నైలాన్ లేదా నూలు లీష్ మేలు. బొత్తాం నొక్కితే సాగుతూ ముడుచుకునే రకం లీష్ ఈ శిక్షణకు అసలు పనికిరాదు. అందులోని స్ప్రింగు ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంచుతుంది కాబట్టి, లాగితే ఎక్కువ దూరం దొరుకుతుందని కుక్క నేర్చుకుంటుంది.

మెడ చుట్టూ బిగిసే చోక్ చైన్, లోపలికి ముళ్లుండే బెల్టు, కరెంటు షాక్ ఇచ్చే బెల్టు ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతున్నాయి. వీటితో కుక్క ఆగడం నిజమే. నొప్పి వల్ల ఆగుతుంది. ఎదురుగా ఇంకో కుక్క కనబడిన ప్రతిసారీ మెడ నొక్కుకుంటే, నొప్పికి కారణం ఎదుటి కుక్కేనని ముడిపెట్టుకుని దానిమీద మొరగడం, ఎగబడడం మొదలుపెట్టే కుక్కలున్నాయి. మామూలు మెడ బెల్టు మీద గట్టిగా లాగినా కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందని, ఛాతీకి తొడిగే హార్నెస్‌తో అలా పెరగలేదని 2006లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. పొమరేనియన్ వంటి చిన్న జాతుల్లో గాలిగొట్టం మెత్తబడి కుంగిపోయే జబ్బు ఉంటుంది. వాటి మెడమీద ఒత్తిడి పడనే కూడదు. షాక్ బెల్టులను వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. నొప్పి పెట్టకుండా నేర్పే దారి ఉన్నప్పుడు నొప్పి పెట్టే పరికరం ఏ ఇంటికీ అక్కర్లేదు.

హార్నెస్‌లోనూ తేడా ఉంది. మంచుమీద బండ్లు లాగే సైబీరియన్ హస్కీలకు తొడిగేది కూడా హార్నెస్సే. బలమంతా ఛాతీమీద పడి హాయిగా లాగడానికే దాన్ని తయారుచేశారు. వీపుమీద కొక్కెం ఉన్న మామూలు హార్నెస్ తొడిగితే కుక్క ఇంకా సుఖంగా లాగవచ్చు. కొక్కెం రొమ్ము ముందు ఉంటే మాత్రం కుక్క దూసుకుపోబోయినప్పుడు దాని శరీరం పక్కకు, మనిషి వైపు తిరుగుతుంది. ముందుకు పోయే ఊపు అక్కడే తగ్గుతుంది. బలమైన కుక్కను నడిపించే పెద్దవాళ్లకు ఇది ఎంతో ఆసరా. అయితే హార్నెస్ లాగుడును తగ్గించగలదే తప్ప నడక నేర్పలేదు.

మొదటి పాఠం వీధిలో కాదు, హాల్లో. ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు, పనీర్, వీటిలో ఏదో ఒకటి శనగగింజంత ముక్కలు చేసుకుని జేబులో ఉంచుకోవాలి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం కాబట్టి వాటి జోలికి పోకూడదు. పెట్టిన ముక్కల మేరకు ఆ పూట తిండి తగ్గించాలి. లీష్ ఉచ్చును బొటనవేలికి తగిలించి గుప్పిట మూయాలి, మణికట్టుకు చుట్టుకోకూడదు. కుక్క ఎడమవైపు నడవాలనుకుంటే ముక్క ఎడమచేతితో, ప్యాంటు పక్క కుట్టు దగ్గరే పెట్టాలి. ఈ ఒక్క సంగతి చాలామంది పట్టించుకోరు. మనిషికి ముందు చెయ్యిచాపి పెడితే కుక్క ముందుకే వచ్చి నిలబడుతుంది. ఎక్కడ తిండి దొరుకుతుందో అక్కడే ఉండడం దాని స్వభావం.

ఒక అడుగు వేయాలి. కుక్క పక్కనే వస్తే “గుడ్” అని వెంటనే ముక్క పెట్టాలి. మళ్లీ ఒక అడుగు, మళ్లీ ముక్క. మొదట్లో ఇంత ధారాళంగా పెట్టడం చూసి లంచమిస్తున్నామా అని అనుమానపడేవాళ్లుంటారు. కొత్త పని చేసిన జీవికి అది సరైన పనేనని తెలియజెప్పేది ఆ ముక్కే. పక్కన నడవడం కుదిరాక రెండడుగులకు, అయిదడుగులకు, పదడుగులకు ఒకటిగా తగ్గిస్తూ పోవచ్చు. పాఠం అయిదు నిమిషాలు మించకూడదు. కుక్క విసుగెత్తి కూర్చునేదాకా సాగదీసిన పాఠం వృథా.

హాల్లో కుదిరాక వరండా, తర్వాత డాబా లేదా సెల్లార్ పార్కింగ్, ఆపైన జనం లేని వేళ వీధి, చివర్లో బజారు. చోటు మారిన ప్రతిసారీ కుక్క కాస్త వెనక్కి పోతుంది, అప్పుడు ముక్కలు మళ్లీ పెంచాలి.

వీధిలో లాగిన క్షణాన ఏం చేయాలన్నది అసలు ఘట్టం. కుక్క మెడ లేదా రొమ్ము దగ్గరి కొక్కెంమీద ఒక కన్నుంచాలి. కొక్కెం నిలువుగా కిందికి వేలాడుతుంటే లీష్ వదులుగా ఉన్నట్టు, పైకి లేచి అడ్డంగా నిలిస్తే బిగిసినట్టు. అది లేవగానే మనిషి కదలకుండా నిలబడిపోవాలి. వెనక్కి గుంజకూడదు, అరవకూడదు. కుక్క ఇంకా లాగుతుంది, ఎగురుతుంది, కొన్ని మొరుగుతాయి. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే జంతువు ముందు ఆ ఉపాయాన్నే ఇంకా గట్టిగా ప్రయోగిస్తుంది. యజమానులు సాధారణంగా ఓడిపోయేది ఈ ఘట్టంలోనే. పది సెకన్లు ఆగవచ్చు, నిమిషం ఆగవచ్చు, కుక్క వెనక్కి తిరిగి చూస్తుంది, లేదా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. కొక్కెం కిందికి వాలుతుంది. అదే క్షణంలో “గుడ్” అనాలి, కాలి పక్కకు పిలిచి ముక్క పెట్టి, నడక సాగించాలి. ఎంతకీ తిరగని మొండి కుక్కయితే మనిషే నిదానంగా వెనుదిరిగి వచ్చిన దారిన నడవాలి. పక్కకు చేరగానే మళ్లీ ముందుకు తిరగాలి. ఈ పద్ధతిలో మొదటి రోజుల్లో వీధి చివరిదాకా పోవడమే గగనం. దూరం లెక్కపెట్టుకోకూడదు.

తిండి ఒక్కటే బహుమతి అనుకోవలసిన పని లేదు. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడుకోవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో ప్రతిపాదించాడు. స్తంభం కనబడగానే పది అడుగులు వదులు లీష్‌తో నడిపించి, “వెళ్లు” అని తీరిగ్గా వాసన చూడనిస్తే కుక్కకు అంతకన్నా కావలసింది లేదు. ఆసాంతం సైనికుడిలా పక్కనే నడవమనడం అన్యాయం కూడా. ఆ నడక దాని కోసం.

నిజంగా తీరిక లేని పూట ఏం చేయాలి? పాఠానికి రొమ్ము కొక్కెం, తొందరగా తిప్పి తీసుకురావలసిన రోజున వీపు కొక్కెం అని విడదీసుకోవచ్చు. ఏది తగిలిస్తే ఏ నియమమో కుక్క త్వరలోనే గుర్తుపడుతుంది. అలా చేస్తే నేర్పినది చెడిపోదు.

భయంతో లాగే కుక్క సంగతి వేరు. మన ఊళ్లలో ప్రతి సందుకూ ఒక వీధికుక్కల గుంపు ఉంటుంది. ఆ గుంపును చూసి ఇంటివైపు లాగే కుక్క దగ్గర నిలబడిపోవడం దాన్ని హింసించడమే. దాన్ని దూరంగా తీసుకుపోవాలి. వీధికుక్కలు కనబడుతున్నా ప్రశాంతంగా ముక్క తినగలిగేంత ఎడం ఉంచి, రోజురోజుకూ కొద్దికొద్దిగా దగ్గరవ్వాలి. ఇష్టమైన తిండి కూడా ముట్టలేదంటే దానికి ఆ దూరం చాలదని గుర్తు. దీపావళి రోజుల్లో వీధి పాఠాలు పూర్తిగా మానుకోవడమే మంచిది. ఎండాకాలంలో తెల్లవారకముందే నడిపించాలి. తారు రోడ్డుమీద అరచేతి వెనకభాగం అయిదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలుతాయి. లాగినప్పుడు దగ్గు వచ్చే కుక్కను, ఉన్నట్టుండి నడక తీరు మారిన కుక్కను ముందు పశువైద్యుడికి చూపించాలి.

కూనకు ఇంట్లోనే తేలికపాటి లీష్‌తో మొదలుపెడితే, టీకాలు పూర్తయి వీధిలోకి వచ్చేసరికి లాగుడు అలవాటే పడదు. ఏళ్ల తరబడి లాగిన కుక్కకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అయినా మారుతుంది. శిక్షకుణ్ణి పెట్టుకునేవారు ముందుగా ఏ బెల్టు వాడతారో, కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారో అడగాలి. చోక్ చైన్ అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతుక్కోవాలి. నెల రోజులు కెనెల్‌లో వదిలేసి నేర్పించి తెచ్చుకున్న కుక్క, ఇంటివాళ్లు పాత పద్ధతిలోనే నడిపిస్తే కొద్ది రోజుల్లో మళ్లీ లాగుతుంది. అందుకని శిక్షకుడు వచ్చిన ప్రతి పూటా ఇంట్లో కుక్కను నడిపించేవాళ్లంతా వంతులవారీగా లీష్ పట్టుకుని నేర్చుకోవాలి.