మొరాయించే ఉన్ని యంత్రం.. లోపం మోటారులో కాదు, బ్లేళ్లలోనే!

నారాయణఖేడ్: గొర్రెకు సగం ఉన్ని తీసిన తర్వాత క్లిప్పరు యంత్రం ఆగిపోతే కాపరి పడే అవస్థ అంతా ఇంతా కాదు. పట్టుకున్న జీవం తన్నుకొంటుంది. దొడ్డిలో మిగిలిన మంద అరుస్తూ ఉంటుంది. యంత్రాన్ని పట్టణంలోని మెకానిక్కు వద్దకు పంపితే ఆ రోజు పని మూలపడినట్లే. తీరా అక్కడ విప్పి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంటుంది. బ్లేళ్ల మధ్య జిడ్డు, దుమ్ము పేరుకొని ఉంటాయి. ఈ కాస్త లోపాన్ని సరిచేసుకోవడం కాపరికే తెలిస్తే ఖర్చుతోపాటు కాలమూ కలిసివస్తుంది.

నెల్లూరు జాతి గొర్రెలకు ఉన్ని ఉండదు గనుక వాటిని పెంచేవారికి ఈ బెడద లేదు. మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని దక్కనీ గొర్రెలకు మాత్రం ఏడాదికి రెండుసార్లు ఉన్ని తీయవలసిందే. కురుమలు నేసే నల్ల గొంగడికి ఆ ఉన్నే ఆధారం. తరతరాలుగా ఈ పని చేతి కత్తెరతోనే సాగింది. యంత్రం వేగంగా పని చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే కత్తెర మొద్దుబారితే చేతికి తెలుస్తుంది. యంత్రం విషయంలో ఆ సంగతి ముందుగా తెలిసేది గొర్రె చర్మానికే.

క్లిప్పరు ముందుభాగంలో రెండు బ్లేళ్లుంటాయి. చర్మానికి ఆని ఉండే కింది బ్లేడు దువ్వెన వంటిది, అది కదలదు. దానిపై అటూ ఇటూ ఆడుతూ ఉన్నిని కోసేది పై బ్లేడు. గొర్రెల యంత్రాలలో సాధారణంగా దువ్వెనకు 13 పళ్లు, పై బ్లేడుకు 4 పళ్లు ఉంటాయి. పై బ్లేడు కొనలు దువ్వెన పళ్ల కొనలకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనుకకే ఉండాలి. ముందుకు జరిగితే చర్మం తెగుతుంది. బిగించిన ప్రతిసారీ దీనిని కంటితో చూసుకోవడం తప్పనిసరి.

వేడెక్కితే..

బ్లేళ్లు చేతితో తాకలేనంతగా కాలుతున్నాయంటే నూనె చాలకపోవడమో, నట్టు అతిగా బిగించడమో కారణం. పదిహేను నిమిషాలు గడవక ముందే, లేదా ఒకటి రెండు గొర్రెలు పూర్తయిన ప్రతిసారీ బ్లేళ్ల మధ్య నాలుగైదు నూనె చుక్కలు వేయాలి. యంత్రంతోపాటు ఇచ్చిన నూనె అయిపోతే కుట్టుమిషను నూనె వాడవచ్చు. ఇంట్లోని కొబ్బరి నూనె, పల్లీ నూనె పనికిరావు. అవి గట్టిపడి దుమ్మును పట్టుకొంటాయి. వాడేసిన ఇంజను ఆయిలులో ఇనుప రజను ఉంటుంది గనుక అది మరీ చేటు. గాలి లోనికి పోయే జాలీ ఉన్నితో మూసుకుపోయినా మోటారు వేడెక్కుతుంది. దానిని బ్రష్షుతో దులిపితే సరిపోతుంది.

ఉన్ని తెగక పీకుతుంటే చాలామంది చేసే మొదటి పని నట్టును మరింత బిగించడం. తగినంత బిగింపు లేకపోతే ఉన్ని బ్లేళ్ల మధ్య దూరి మడతపడుతుందనేది నిజమే. కానీ మొద్దుబారిన బ్లేడు బిగింపుతో పదునెక్కదు, అరుగుదల మాత్రం పెరుగుతుంది. ముందుగా ప్లగ్గు తీసి, బ్లేళ్లను ఊడదీసి, పళ్ల సందుల్లోని జిడ్డును తుడిచి, నూనె వేసి తిరిగి బిగించాలి. అప్పటికీ కోయకపోతే పదునైన మరో జత వేసి చూడాలి. కొత్త జత కోస్తే లోపం పాత బ్లేళ్లదే. అదీ కోయకపోతే అప్పుడు మెకానిక్కు వద్దకు వెళ్లవచ్చు. కనీసం రెండు జతలు దగ్గర ఉంచుకోవలసింది ఇందుకే.

పీకే బ్లేడుతో కానిస్తే నష్టం మరో రూపంలోనూ వస్తుంది. ఒకేచోట రెండుసార్లు యంత్రం నడిపితే ఉన్ని పొట్టి ముక్కలై రాలుతుంది. అది వడకడానికి పనికిరాదు. అసలే ఉన్నికి ధర అంతంతమాత్రంగా ఉన్నచోట ఇది చిన్న నష్టమేమీ కాదు.

సాన పెట్టించేటప్పుడు..

సైకిలుపై వచ్చి కత్తులకు సాన పట్టేవారికి ఈ బ్లేళ్లు ఇవ్వరాదు. కత్తికి అంచు కావాలి, క్లిప్పరు బ్లేడుకు సమతలం కావాలి. గుండ్రటి రాయి అంచుకు ఒరిపిస్తే ఆ తలం చెడి, రెండు బ్లేళ్లు ఒకదానికొకటి ఆనవు. తళతళ మెరుస్తూనే ఒక్క పోగు కూడా కోయవు. బల్లపరుపు డిస్కుపై సాన పట్టేవారివద్దకే, రెండు బ్లేళ్లను జతగా పంపాలి. ఇసుక, పల్లేరు కాయలు నిండిన ఉన్ని పదును త్వరగా తీసేస్తుంది. ఉన్ని తీసేముందు గొర్రెలను చెరువులో కడిగే పాత అలవాటు యంత్రానికీ మేలే. అయితే అవి పూర్తిగా ఆరిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

పల్లెల్లో వోల్టేజీ తగ్గినప్పుడు, ఇంటి నుంచి దొడ్డి దాకా సన్నని తీగ లాగినప్పుడు యంత్రం వేగం తగ్గి ఉన్నిని పీకుతుంది. ఆ నేరం బ్లేడుది కాదు. మోటారు వద్ద నిప్పురవ్వలు అధికంగా కనిపిస్తే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. తడి నేలపై, అతుకుల తీగలతో పని చేయడం ప్రాణాంతకం.

ఒక మంద నుంచి మరో మందకు వెళ్లే ముందు బ్లేళ్లను క్రిమిసంహారక ద్రావణంతో శుభ్రపరచాలి. గజ్జి, తామర వంటి చర్మవ్యాధులు బ్లేళ్ల ద్వారా కూడా పాకుతాయి. బ్లీచింగ్ పొడి కలిపిన నీరు ఇనుమును తినేస్తుంది గనుక దానిని వాడరాదు. పని ముగిశాక బ్లేళ్లను ఆరబెట్టి, నూనె పూసి, పొడి గుడ్డలో చుట్టి పెట్టాలి. మళ్లీ ఉన్ని తీసే నాటికి ఆరు నెలలు పడుతుంది. తడితో వదిలేసిన బ్లేడుకు తుప్పు పట్టడానికి అంత గడువు అక్కరలేదు.