గోదావరి పోసిన ఇసుకదీవి



పినపాక, మణుగూరు ప్రాంతముల వారికి గోదావరిని గూర్చి ఒకరు చెప్పవలసినది లేదు. ఆషాఢమున ఎఱ్ఱనీరు దిగుటయు, శ్రావణ భాద్రపదములలో పొలములు మునుగుటయు, వరద తీసిన పిమ్మట ఒకచోట గట్టు తెగి వేఱొకచోట క్రొత్త ఇసుకమేట తేలుటయు మీరు ఏటేట చూచుచున్నవే. అయితే తెగిన ఆ గట్టు ఎచ్చటికి పోవుచున్నది? మీ రేవు దాటిన ఇసుక తుదకు ఏ ఒడ్డు చేరుచున్నది? చేరిన చోటులలో ఒకటి కాకినాడ యెదుట, సముద్రమునడుమ నున్న ఒక దీవి. దానిని హోప్ ఐలాండ్ అందురు. అది కోరంగి అభయారణ్యములోని భాగము. చూడదగిన తీరము, అయినను ఇష్టము వచ్చినట్లు చూడదగినది కాదు. ఏలయో చెప్పెదను.

గోదావరి పినపాక చేరునప్పటికే మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి అందు కలసియుండును. అనగా విదర్భ నల్లరేగడియు, బస్తరు కొండల ఎఱ్ఱమట్టియు మీ కన్నుల ముందే పోవుచున్నవి. భద్రాచలము దాటినపిమ్మట కూనవరమువద్ద శబరి కలియును. పాపికొండల యిరుకున పడి, పోలవరమువద్ద బయటపడి, రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరమువద్ద గౌతమి, వసిష్ఠ యని నది రెండుగా చీలును. గౌతమి యానాము ప్రక్కగా పోయి సముద్రమున పడును. దాని చిన్నపాయయే కోరంగి యేరు.

నది సముద్రమును సమీపించినకొలది నడక మందగించును. పోటువేళ ఉప్పునీరు ఎదురు త్రోయును. అప్పుడు కళ్ళములో తూర్పారపట్టినట్లే జరుగును. గట్టిగింజ ఒకచోట, పొట్టు ఒకచోట పడునుగదా! ఇచ్చట ఇసుక వరద వేగమున సముద్రమువఱకు పోయి, అలల తాకిడి కోర్చి నిలుచును. మెత్తని ఒండ్రు మాత్రము నెమ్మదియైన నీరున్న చోటనే అడుగునకు దిగును. నైరృతి ఋతుపవనపు గాలికి లేచిన అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుచు, గౌతమి ముఖమున పడిన ఇసుకను ఉత్తరముగా నెట్టుకొనిపోవును. అట్లు నెట్టబడిన ఇసుక గత రెండువందల సంవత్సరములలోనే సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని తిన్నెగా పెరిగినది. దానికి తూర్పున బంగాళాఖాతపు అలలు. పడమట కాకినాడ అఖాతము, చెరువువలె నిలుకడ గలది. ఈ తిన్నె అడ్డుగా నున్నందుననే కాకినాడ రేవున ఓడలు నెమ్మదిగా నిలువగలుగుచున్నవి. ఏ ఇంజనీరును కట్టని అడ్డుకట్ట యిది.

అఖాతమువైపున ఒండ్రు దిగిన నేలలో పెరిగినది మడ అడవి. మీ అడవిలోని టేకు, మద్ది, ఇప్ప చెట్లకు ఉప్పునీరు తగిలిన బ్రదుకు లేదు. మడచెట్టునకు అదియే ఇల్లు. బురదలో గాలి ఆడదు గనుక, దాని వేళ్ళు మేకులవలె నేలనుండి పైకి పొడుచుకొనివచ్చి ఊపిరి పీల్చును. తిల్ల యను చెట్టు గలదు. దాని పాలు కంటిలో పడిన చూపునకే ముప్పు. ఈ అడవిలో నీటికుక్కలు, చేపలుపట్టు బావురుపిల్లులు, నక్కలు, లెక్కకుమించిన పక్షులు గలవు. రొయ్యపిల్లయు, పీతపిల్లయు, చేపపిల్లయు ఈ వేళ్ళ నడుమనే పెరిగి పెద్దవై సముద్రమునకు పోవును. కావున సముద్రములో వలవేయువాని కూడు సయితము ఈ బురదలోనే పుట్టుచున్నది.

1978లో ఇచ్చట సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. పాల్వంచ ప్రక్కనున్న మీ కిన్నెరసాని అభయారణ్యము 1977 నాటిది. రెంటికిని చట్టమొకటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము. కిన్నెరసాని అడవిలో ఏది చేయరాదో ఎఱిగినవారు కోరంగిలో క్రొత్తగా నేర్చుకొనవలసినది కొద్దియే. ఆ కొద్ది సముద్రపు తాబేలును గూర్చినది.

మన చెరువు తాబేలు వేఱు, ఇది వేఱు. శ్రీకూర్మము దేవాలయమున పెంచెడి నక్షత్రతాబేళ్ళు నేలపై తిరుగునవి. సముద్రపు తాబేలునకు కాళ్ళు తెడ్లవలె నుండును. తలను డొప్పలోనికి ముడుచుకొనజాలదు. మన తీరమునకు వచ్చెడి జాతి పేరు ఆలివ్ రిడ్లే. నలువది కిలోగ్రాముల వఱకు తూగును. బ్రదుకంతయు నీటనే గడపినను గ్రుడ్డు మాత్రము నీటిలో పెట్టదు. పెట్టినచో లోని పిల్లకు ఊపిరాడదు. అందుచేత ఏటేట ముఖ్యముగా జనవరి మొదలు మార్చి వఱకు, మనలెక్కకు పుష్య, మాఘ, ఫాల్గుణ మాసములలో, ఆడుతాబేలు చీకటివేళ ఒడ్డునకు వచ్చును. అలల పోటు అందని ఎత్తు చూచుకొని, వెనుక తెడ్లతో కడవవంటి గుంట త్రవ్వి, నూఱు నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన బరువుతో దానిని అదిమి, మరల సముద్రమునకు పోవును. ఇంతయు గంటలోపుననే ముగియును. పిల్లల ముఖము చూచుటకు అది తిరిగి రాదు.

గ్రుడ్లను పొదుగునది ఇసుకవేడియే. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. ఇచ్చట ఒక వింత గలదు. పిల్ల ఆడుదో మగదో తేల్చునదియు ఆ వేడియే. సుమారు 29 డిగ్రీలకు హెచ్చిన ఆడుపిల్లలు, తగ్గిన మగపిల్లలు హెచ్చుగా పుట్టును. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున దీని ఫలమేమగునో యని శాస్త్రజ్ఞులు కలతచెందుట అందుచేతనే. పుట్టిన పిల్ల రాత్రివేళ ఇసుక చీల్చుకొని పైకి వచ్చి, ఎచ్చట వెలుగు హెచ్చుగా నున్నదో అటు నడచును. చీకటి తీరమున ఆకాశము ప్రతిఫలించెడి సముద్రమే వెలుగైన దిక్కు. తీరమున ఒక దీపము పెట్టితిమా, అది దీపమువైపు తిరుగును. తెల్లవారునప్పటికి కాకియో కుక్కయో దానిని తినివేయును, లేదా ఎండకు మాడును. బ్రదికిన ఆడుపిల్ల పది పదునైదేండ్లకు పెద్దదై, తాను పుట్టిన తీరప్రాంతమునకే గ్రుడ్లు పెట్టవచ్చును. పుట్టింటికి పురిటికి వచ్చు ఆచారము మన ఆడుబిడ్డలకే గలదనుకొనుట పొరపాటు!

ఈ పుట్టింటికి శత్రువులు పెక్కురు. నక్కలు, ఊరకుక్కలు గ్రుడ్లు త్రవ్వితినును. అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి, కంచె కట్టిన ఇసుకలో మరల పాతి, పిల్లలు పుట్టినపిమ్మట సముద్రమున వదలుట గలదు. అయితే అంతకంటె పెద్ద నష్టము నడిసముద్రమున జరుగుచున్నది. తాబేలు ఊపిరికై నీటిపైకి రావలసిన ప్రాణి. మరపడవలు లాగెడి పెద్దవలలో చిక్కిన తాబేలు పైకి రాలేక మునిగి చచ్చును. మన తీరమున వేటనిషేధము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు అరువదియొక్క దినములు. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలమును బట్టి ఏర్పడినది. తాబేళ్ళు వచ్చు మాసములు అప్పటికి చాలవఱకు గడచిపోవును. వలనుండి తాబేలు మాత్రము వెలుపలికి పోవునట్లు అమర్చెడి కిటికీవంటి సాధనము గలదు. కొంత చేప కూడ జారిపోవునని జాలరులు దానికి ఇష్టపడరు. వారి బాధ కూడ నిజమైనదే. ఆ నష్టమును వారి నెత్తిననే రుద్దుట న్యాయము కాదని నా అభిప్రాయము.

ఇక ఇసుక మాట. తీరమనునది స్థిరాస్తి కాదు. రాబడి పోబడి గల కొట్టు. ఎగువన శ్రీరామసాగరము, జాయకవాడి మొదలగు జలాశయములు కట్టినపిమ్మట ఒండ్రు వాటిలో నిలిచిపోవుచున్నది. 1970 దశకముతో పోల్చిన 1990 దశకమునాటికి గోదావరి సముద్రమునకు మోసెడి ఒండ్రు సగముకంటె తక్కువైనది. నీరు నిలుపుట తప్పని నేననను. ఆ నీటనే మనము పంట పండించుచున్నాము. అయినను సముద్రము తన వంతు అడుగక మానదు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడయను నేతకు పేరుగన్న ఊరు గలదు. అచ్చట ఏండ్ల తరబడి కెరటములు ఇండ్లను, దారిని కోసివేయుచున్నవి. ఇసుకదీవి ఉత్తరముగా పెరిగి, అటు పోవలసిన ఇసుకను తనయొద్దనే నిలుపుకొనుటయు దానికొక కారణమని చెప్పుదురు. ఒక ఊరికి అడ్డుకట్టయైనది మఱియొక ఊరికి కఱవైనది.

ఈ తీరమున సముద్రము ఏమి చేయగలదో కోరంగి చరిత్రయే సాక్షి. ఒకప్పుడు కోరంగి గొప్ప రేవు. అచ్చట ఓడలు కట్టిరి. అచ్చటినుండి మనవారు ఓడలెక్కి బర్మాకు పోయిరి. అందుచేతనే బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో అంతకుమించిన ఉప్పెన వచ్చి వేలకొలది జనమును, ఓడలను ముంచివేసినవి. రేవు మరల కోలుకొనలేదు. 1996 నవంబరులో కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటినప్పుడు, మడ అడవి వెనుకనున్న ఊళ్ళు అలల దెబ్బనుండి కొంత కాపాడబడినవి. వంటచెఱకునకై మడ నఱకిన చేతులే తరువాత మడ నాటుట అప్పటినుండి హెచ్చినది.

చూడబోవువారికి కొన్ని మాటలు. పుష్య బహుళ అమావాస్యనాడు, అనగా చొల్లంగి అమావాస్యనాడు, సాగరసంగమ స్నానమునకు చొల్లంగి పోవు ఆచారము మీలో కొందఱికి తెలియును. సప్తసాగరయాత్ర ఆరంభమగునదియు అచ్చటనే. కాకినాడనుండి యానాము పోవు దారిలోనే చొల్లంగియు, దాని చేరువనే కోరంగి అభయారణ్యపు ప్రవేశద్వారమును గలవు. అచ్చట మడ అడవిలోనికి కఱ్ఱలతో నడకదారి కట్టియున్నారు. వృద్ధులు సయితము బురద అంటకుండ నడువవచ్చును. ఇసుకదీవికి మాత్రము పడవమీదనే పోవలెను, అటవీశాఖవారి అనుమతి ముందుగా తీసికొనవలెను. గాలి హెచ్చిన దినమున పడవవాడు వలదన్నచో బలవంతపెట్టకుడు. దీవిపై త్రాగునీరు దొరకునని నమ్మరాదు, నీడయు కొద్దియే. కొద్దిపాటి జాలరి కుటుంబములు అచ్చట బ్రదుకుచున్నవి; వారి వలలమీద, ఎండు చేపలమీద నడువకుడు.

తాబేలు నడచిన జాడ ట్రాక్టరు చక్రపు జాడవలె ఇసుకపై కనబడును. కనబడినచో ప్రక్కగా తొలగి నడువుడు, గుంటను కదపకుడు. కొన్ని గంటలు గడచిన గ్రుడ్డును త్రిప్పిన లోని పిల్ల చచ్చును. పిల్లలు ముచ్చటపడి తీసికొందురు, వారిని వారింపుడు. తినుబండారములు మిగిలినచో మూటగట్టి వెనుకకు తెచ్చుకొనుడు. మనము పారవేసిన మెతుకులకు వచ్చిన కుక్కయే రాత్రి గ్రుడ్లు త్రవ్వును. దీవిపై రాత్రి నిలువవలెనను కోరిక వలదు. ప్రొద్దు వాలకముందే, పడవవాడు పోటు చూచి చెప్పిన వేళకు, పడవ ఎక్కుడు.