సరిహద్దు దాటే ముందు: వలస కుటుంబాల హక్కులు, ఆపత్కాల సన్నాహాలు

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో అంతర్భాగం. ఆ తరువాత సరిహద్దు మారింది గాని రాకపోకలు ఆగలేదు. బల్లార్‌పూర్ కాగితపు మిల్లును, ఘుగుస్, రాజురా ప్రాంతాల బొగ్గు గనులను నమ్ముకొని ఎన్నో తెలుగు కుటుంబాలు చంద్రపూర్ జిల్లాలో స్థిరపడ్డాయి. ఇటు చంద్రపూర్, గడ్చిరోలి పల్లెల నుంచి ఏటా మిరపకాయలు ఏరడానికి కూలీలు తెలంగాణకు తరలిపోతూనే ఉన్నారు.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు అలా వెళ్లిన కూలీలు చేల వద్దనే చిక్కుకుపోయారు. ఎందరో అడవిదారుల వెంట కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరారు. హక్కులు ఉండడం ఒక ఎత్తు, ఆపద సమయంలో వాటిని రుజువు చేసుకోగలగడం మరొక ఎత్తు అన్నది ఆనాటి అనుభవం నేర్పిన పాఠం. ఆ రుజువులను ఊరు విడిచే ముందే సమకూర్చుకోవాలి.

రేషను సరిహద్దు దాటుతుంది

రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రకారం దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి, ఎక్కడైనా నివసించడానికి ప్రతి పౌరునికి హక్కు ఉంది. కడుపు నిండకపోతే ఆ హక్కుకు అర్థం లేదు. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకం 2020 జనవరి 1 నుంచి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 12 రాష్ట్రాలలో అమలులోకి వచ్చింది. తక్కిన రాష్ట్రాలు కూడా దీనిని అమలు చేయాలని 2021 జూన్ 29న సుప్రీంకోర్టు ఆదేశించగా, 2022 నాటికి దేశమంతటా విస్తరించింది.

జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుతో ఏ రాష్ట్రంలోని చౌకధరల దుకాణంలోనైనా వేలిముద్ర వేసి ధాన్యం పొందవచ్చు. పనికి వెళ్లినవారు తమ వాటా అక్కడ, ఇంటి దగ్గర ఉన్నవారు మిగిలిన వాటా ఇక్కడ తీసుకోవచ్చు. కార్డులోని ప్రతి సభ్యుని పేరుకు ఆధార్ అనుసంధానం జరిగి ఉన్నదీ లేనిదీ ముందుగానే దుకాణంలో అడిగి తెలుసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వాలు అదనంగా ఇచ్చే సరుకులు మాత్రం పొరుగు రాష్ట్రంలో దొరకవు.

కూలీ, బయానా, ముకద్దం

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. నెలకు 18,000 రూపాయలకు మించని వేతనంతో పొరుగు రాష్ట్రంలో పనిచేసేవారు అంతర్రాష్ట్ర వలస కార్మికులు. ముకద్దం ద్వారా వెళ్లినవారే కాక, తమంత తాముగా వెళ్లి పని చూసుకున్నవారు కూడా ఇందులోకి వస్తారు. ఇటువంటివారు పదిమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలకు వలస నిబంధనలు వర్తిస్తాయి. రానుపోను ప్రయాణ భత్యాన్ని యజమాని నిబంధనల మేరకు చెల్లించాలి. పనిలో మరణం గాని తీవ్ర గాయం గాని సంభవిస్తే ఉభయ రాష్ట్రాల అధికారులకు, కార్మికుని బంధువులకు తెలియజేయాలి.

చిన్న రైతు చేలో పనిచేసే ఐదారుగురికి ఈ నిబంధనలు వర్తించకపోవచ్చు. అయినప్పటికీ కనీస వేతనం వారికీ హక్కే. ఒకే పనికి ఆడవారికి తక్కువ, మగవారికి ఎక్కువ కూలీ ఇవ్వడం చట్టవిరుద్ధం. బయానా ఇచ్చామనే నెపంతో కూలీలను కదలనీయకుండా నిలిపివేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. దీనిపై జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. పనిచేసిన దినాలు, అందుకున్న సొమ్ము, యజమాని పేరు, ఊరు ఒక చిన్న పుస్తకంలో ఏరోజుకారోజు వ్రాసుకుంటే అదే రేపు సాక్ష్యం అవుతుంది.

ప్రమాదం, పోలీసు స్టేషను

నేరం ఏ రాష్ట్రంలో జరిగినా ఫిర్యాదును ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత దీనికి స్పష్టమైన అవకాశం కల్పించింది. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, బంధువులకు తెలపాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో వ్రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరాఠీ చదవలేని తెలుగువారికి, తెలుగు చదవలేని మరాఠీవారికి ఇది పెద్ద అండ. ఏ కాగితమైనా చదివించుకోనిదే దానిపై వేలిముద్ర వేయరాదు.

కూలీలను కిక్కిరిసి ఎక్కించుకున్న వాహనాలు బోల్తాపడడం మనకు తెలియనిది కాదు. ప్రమాదం తెలంగాణలో జరిగినా నష్టపరిహారం దావాను బాధితులు తాము నివసించే ప్రాంతపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. చట్టం ఆరు నెలల గడువు విధించింది కనుక ఆలస్యం తగదు.

స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ప్రతి జిల్లా న్యాయస్థానంలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా సరిపోతుంది.

పిల్లల చదువు

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బదిలీ పత్రం రాలేదనో, జనన ధ్రువపత్రం లేదనో బడిలో ప్రవేశం నిరాకరించరాదు. పెద్దలు పనికి వెళ్లినప్పుడు పిల్లలను ఎవరి సంరక్షణలో ఉంచుతున్నదీ బడి ఉపాధ్యాయునికి చెప్పి వెళ్లడం మంచిది.

బయలుదేరే ముందు

ప్రతి కుటుంబం ఈ కొద్ది పనులు పూర్తిచేసుకోవాలి:

– ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఈ-శ్రమ్ కార్డుల నకళ్లు రెండు జతలు తీయించి, ఒక జత నీరు తగలని సంచిలో వెంట ఉంచుకోవాలి, రెండవది ఇంటి వద్ద నమ్మకమైనవారికి ఇవ్వాలి.

– బృందంలోని వారి పేర్లు, వెళ్లే ఊరు, ముకద్దం ఫోను నంబరు వ్రాసిన జాబితాను గ్రామపంచాయతీలో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

– ఇద్దరు బంధువుల ఫోను నంబర్లను పిల్లలకు కూడా కంఠతా వచ్చేలా నేర్పాలి. ఫోను పోయినా నంబరు పోకూడదు.

– నిత్యం వాడే మందులు, వాటి చీటీ, తిరుగు ప్రయాణానికి సరిపడే సొమ్ము వేరుగా దాచుకోవాలి. ముకద్దం చేతికి అసలు పత్రాలు ఇవ్వరాదు.

– అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల రక్షణకు 1098, మహిళలకు 181 నంబర్లు రెండు రాష్ట్రాలలోనూ పనిచేస్తాయి.

రెండు రాష్ట్రాలలోనూ ఓటరు పేరు ఉంచుకోవడం చట్టం ఒప్పదు. ఒకే చోట, ఒకే పేరుతో, ఒకే తీరు అక్షరాలతో పత్రాలు ఉన్నప్పుడే ఆపదలో అవి అక్కరకు వస్తాయి. ఏరివేత కాలం రాకముందే ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చొని ఈ కాగితాలు సరిచూసుకోవడం ఎంతైనా అవసరం.