జపాను కత్తి – తెలుగు వంటిల్లు

వేసవి ప్రవేశించగానే జెర్సీ సిటీలోని న్యూఆర్క్ అవెన్యూ దుకాణాలలో పచ్చి మామిడికాయలు పెట్టెలకొద్దీ దిగుతాయి. ఆవకాయ పెట్టాలన్న ఉత్సాహంతో కాయలు తెచ్చుకొన్న తెలుగు కుటుంబానికి వాటిని టెంకతో సహా కొట్టే సాధనం మాత్రం ఈ దేశపు వంటింట్లో కనబడదు. కత్తిపీట స్వగ్రామంలోనే ఉండిపోయింది. సొరుగులోని కత్తి టమాటో తొక్కనే తెంపలేక పక్కకు జారుతూ ఉంటుంది. ఇటువంటి సమయంలో దృష్టి జపాను కమ్మరులు చేతితో చేసిన కత్తుల వైపు మళ్ళడం సహజమే. పాత్ రైలెక్కి హడ్సన్ నది అడుగుగా దాటితే నాలుగైదు నిమిషాలలో దిగువ మన్‌హటన్. సావోరి కవానో 1982లో న్యూయార్కులో స్థాపించిన కొరిన్ వంటి సంస్థల వలన ఈ కత్తులు అమెరికా వంటవారికి పరిచయమైనాయి. మంచి కత్తి ఒక్కటి నూటయాభై మొదలు మూడు నాలుగు వందల డాలర్ల వరకు పలుకుతుంది. అంత సొమ్ము పోసి కొన్న కత్తి నెల తిరగకుండానే అంచు పెచ్చులూడి, ఒంటినిండా మచ్చలు పడి మూలకు చేరిన ఇళ్ళు తక్కువేమీ కాదు. కత్తి చెడ్డదై అలా జరగదు. దానిలోని ఉక్కు స్వభావం కొన్నవారికి ఎవరూ చెప్పకపోవడమే కారణం.

ఉక్కు అంటే ఇనుములో కొద్దిపాటి కార్బన్ కలిసిన లోహం. సుమారు ఎనిమిది వందల డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినప్పుడు ఇనుప పరమాణువుల అమరిక మారి, వాటి నడుమ కార్బన్ ఇమిడిపోతుంది. ఎర్రగా ఉన్న ఆ లోహాన్ని చటుక్కున నీటిలోనో నూనెలోనో ముంచితే కార్బన్‌కు బయటికి వచ్చే వ్యవధి ఉండదు. చిక్కుకొనిపోయిన కార్బన్ వలన స్ఫటిక నిర్మాణం బిగుసుకొని, గాజువలె కఠినంగానూ, గాజువలెనే పెళుసుగానూ మారుతుంది. దీనినే మార్టెన్‌సైట్ అంటారు. మరల నూటయాభై, రెండు వందల డిగ్రీల మధ్య కొంతసేపు వేడిచేస్తే పెళుసుదనం కొంత తగ్గుతుంది. మన కమ్మరి కొలిమిలో పలుగుకూ కొడవలికీ జరిగేదీ ఇదే. ఉష్ణోగ్రతను అంకెలలో కాక రంగును బట్టి అతడు గుర్తిస్తాడు, అంతే తేడా.

కాఠిన్యాన్ని రాక్‌వెల్ 'సి' కొలతలో చెబుతారు. వజ్రపు మొనను నియమిత బరువుతో లోహంలోనికి నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూడడం ఈ పరీక్ష. సాధారణమైన జర్మను వంట కత్తిలో కార్బన్ అర శాతం, క్రోమియం పదిహేను శాతం ఉంటాయి. కాఠిన్యం 56 నుండి 58. జపాను కమ్మరి వాడే 'శిరోగామి' రెండవ రకంలో కార్బన్ 1.05 నుండి 1.15 శాతం, కాఠిన్యం 60 దాటి 63 వరకు పోతుంది. ఈ తేడా చూపుకు చిన్నదిగా తోచవచ్చును గాని, వాదర వద్ద చాలా పెద్దది. మెత్తని ఉక్కును పలుచగా సానపడితే అంచు మడిగిపోతుంది. అందుచేత జర్మను కత్తికి సాంప్రదాయంగా ఒక్కొక్క వైపు ఇరవై డిగ్రీల వాలు ఇస్తూ వచ్చారు. కఠినమైన ఉక్కు పది పదిహేను డిగ్రీల వాలును కూడా తట్టుకొంటుంది. అంచు ఎంత సన్ననైతే అదే బలానికి పీడనం అంత అధికం. ఉల్లిపాయ నలిగిపోకుండా తెగుతుంది. నలిగిన కణాలు తగ్గితే కంట నీరు తెప్పించే వాయువూ తగ్గుతుంది. ఆ వాయువును పుట్టించే ప్రత్యేక ఎంజైమును 2002లో గుర్తించినవారు జపాను శాస్త్రజ్ఞులే కావడం ముచ్చటైన విషయం.

శిరోగామి అంటే తెల్ల కాగితం, అవోగామి అంటే నీలి కాగితం. ఉక్కు రంగుకు ఈ పేర్లతో సంబంధం లేదు. కర్మాగారంలో చుట్టి పంపే కాగితపు రంగులివి. శిమానే రాష్ట్రంలోని యాసుగి పట్టణంలో వీటిని తయారుచేసే హిటాచీ మెటల్స్ సంస్థ 2023లో ప్రొటీరియల్ అని పేరు మార్చుకొన్నది. తెల్ల కాగితపు ఉక్కు దాదాపు శుద్ధమైన ఇనుము, కార్బన్‌ల కూర్పు. సానరాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. నీలి కాగితపు దానిలో టంగ్‌స్టన్, కొద్దిగా క్రోమియం కూడా ఉండడం వలన పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండూ తుప్పు పట్టేవే. తుప్పు పట్టరాదనుకొనేవారికి తకెఫు పట్టణపు వి.జి.-10 ఉన్నది, దానిలో కార్బన్ ఒక శాతం, క్రోమియం సుమారు పదిహేను శాతం, కొంత కోబాల్టు.

జపానులో ఈ విద్య నిలిచిన తీరు కూడా తెలుసుకోదగినది. ఒసాకా పక్కనున్న సకాయ్ రేవు పట్టణంలో, పోర్చుగీసువారు తెచ్చిన పొగాకును తరగడానికి పదహారవ శతాబ్దిలో కత్తులు చేయడం ప్రారంభించారు. 1876లో మేజీ ప్రభుత్వం బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని నిషేధించింది. ఖడ్గకారులకు ఒక్కసారిగా జీవనాధారం పోయింది. చాలామంది వంట కత్తులకూ, వ్యవసాయ పనిముట్లకూ మళ్ళారు. 1974లో సాంప్రదాయ చేతివృత్తుల రక్షణకు చట్టం వచ్చింది. 1979లో ఎచిజెన్ కత్తులు, 1982లో సకాయ్ కత్తులు దాని కిందకు చేరాయి. ప్రభుత్వ ముద్ర ఒక్కటే వృత్తిని బ్రతికించదు; ప్రతి రోజూ చేపలూ కూరలూ తరిగే వంటవాడు ఆ కత్తినే కొన్నాడు గనుక కొలిమి ఆరలేదు.

ఇక మన వైపు చూద్దాం. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం గ్రామం ఒకప్పుడు ప్రపంచ విపణిలో పేరున్న ఉక్కు కేంద్రం. బ్రిటిషు వారి మహా త్రికోణమితి సర్వేలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఇక్కడి పద్ధతిని స్వయంగా చూసి వివరించాడు. ఆ వివరణ అతని మరణానంతరం 1832లో ప్రచురితమైనది. రెండు చోట్ల నుండి తెచ్చిన రెండు రకాల ఇనుమును మూడు పాళ్ళు, రెండు పాళ్ళుగా కలిపి, మట్టి మూసలలో మూత బిగించి, ఇరవైనాలుగు గంటల పాటు తీవ్రమైన మంటలో ఉంచేవారు. చల్లారిన మూసను పగులగొడితే ఉక్కు ముద్ద బయటపడేది. దానిని కొనడానికి ఇస్ఫహాన్ నుండి వచ్చిన పారశీక వర్తకుడు అక్కడ వాయిసీకి తారసపడ్డాడు. తమ దేశంలో ఈ ఉక్కును అనుకరించాలని ప్రయత్నించి విఫలులైనారట! దమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చుకొన్న వాటికి దక్షిణాపథపు ఇటువంటి ఉక్కే మూలం. ఐరోపావారు 'వూట్జ్' అని పిలిచిన మాట తెలుగు, కన్నడాలలోని 'ఉక్కు' నుండి వచ్చినదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. లండనులో కత్తుల వర్తకుడు జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కును మెచ్చి పనిముట్లు చేశాడు. అతనితో కలిసి ఉక్కు మిశ్రమాలపై 1820, 1822లలో పరిశోధన పత్రాలు వెలువరించినది, కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే.

కథ ఇక్కడ జెర్సీ సిటీకి చేరుతుంది. మూసలో ఉక్కు కరిగించడానికి ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో మార్గం కనుగొన్నాడు. అమెరికావారికి మాత్రం ఆ వేడికి ఓర్చే మూస చాలాకాలం చిక్కలేదు. జోసెఫ్ డిక్సన్ గ్రాఫైటు కలిపిన మూసలతో ఆ కొరత తీర్చాడు. అతడు 1847లో తన కర్మాగారాన్ని మసాచుసెట్స్ నుండి జెర్సీ సిటీకి తరలించాడు. అడిరోండాక్ కొండల ఇనుముతో మూస ఉక్కు చేసే తొలి ప్రయత్నాలు 1840ల చివర ఈ పట్టణంలోనే జరిగాయి. అదే గ్రాఫైటుతో చేసిన డిక్సన్ పెన్సిళ్ళు అమెరికా బడిపిల్లలందరికీ తెలిసినవే. వేన్ వీధిలోని ఆ ఎర్ర ఇటుకల భవనాలు తరువాత డిక్సన్ మిల్స్ పేరుతో నివాస గృహాలుగా మారినాయి. కోనసముద్రం కమ్మరి మట్టి, ఊక కలిపి చేసుకొన్న పాత్రకు ఇది దూరపు బంధువే.

కోనసముద్రంలో మాత్రం పంతొమ్మిదవ శతాబ్ది ముగిసేలోగా మూసలు చల్లారాయి. విదేశపు చవక ఉక్కు ఓడలలో వచ్చింది. బొగ్గుకు అడవి కరువైంది. పారశీక వర్తకుడు రావడం మానివేశాడు. 2010లో భారత, బ్రిటిషు పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలలో తిరిగి, చిట్టెపు గుట్టలూ, మూసల పెంకులూ ఉన్న స్థలాలను వందల సంఖ్యలో నమోదు చేశారు. జపానులో పొగాకు పోయినా చేప మిగిలింది, ఖడ్గం పోయినా వంటిల్లు మిగిలింది. మన ఉక్కు ఖడ్గానికే అమ్ముడైనది. దానికి వంటిల్లు దొరకలేదు. మన కత్తిపీటను ఏ వర్తకుడూ ఇస్ఫహాన్ తీసుకొనిపోలేదు కదా!

ఈ నేపథ్యం తెలిసినవారికి అంగడిలో మెరిసే 'దమాస్కస్' కత్తి పట్ల కొంత అనుమానం కలగాలి. ఆ అలల గీతలు అసలు దమాస్కస్ ఉక్కులో లోహం మెల్లగా చల్లారినప్పుడు తనంత తాను ఏర్పరచుకొన్నవి. నేటి వంట కత్తి మీద ఉన్నవి వేరువేరు లోహపు రేకులను అతికి, మడిచి, ఆమ్లంతో తేల్చిన అలంకారం మాత్రమే. నికెలు ఉన్న పొర తెల్లగా, లేనిది నల్లగా కనబడుతుంది. కోసేది మధ్యలోని గట్టి ఉక్కు, గీతలు కోయవు. అలంకారానికి డబ్బు ఇవ్వాలనుకొంటే తప్పులేదు గాని, దానిని పదునుగా భ్రమపడరాదు.

'చేతితో చేసినది' అనే మాటకు కూడా అర్థం తరచి చూడాలి. సకాయ్‌లో ఒక కత్తిని ఒక్కరే చేయరు. సుత్తి పట్టేవారు ఒకరు, సానపట్టేవారు మరొకరు, పిడి తొడిగేవారు ఇంకొకరు. మెత్తని ఇనుమునూ గట్టి ఉక్కునూ కొలిమిలో తానే అతికే కమ్మరి ఉన్నాడు. ముందే అతికిన రేకును కర్మాగారం నుండి తెచ్చుకొని ఆకారం మాత్రం దిద్దే కమ్మరీ ఉన్నాడు. రెండూ మోసం కాదు, కాని ధర ఒకటి కారాదు. ఏ ఉక్కు, కాఠిన్యం ఎంత, ఏ ఊరు, సానపట్టినది ఎవరు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగల అంగడి మంచిది. కత్తి మీద దేశం పేరు చెరగకుండా ఉండాలని అమెరికా సుంకాల నిబంధన. అది దేశాన్ని చెబుతుంది గాని కమ్మరిని చెప్పదు. ఒకవైపు మాత్రమే వాలు ఉన్న యానగిబా వంటివి చేపల వారికి. పైగా అవి సాధారణంగా కుడిచేతి వాటానికి చేసినవి. కూరగాయల ఇంటికి 165 మిల్లీమీటర్ల నకిరి గాని, 180 లోపు సాంతోకు గాని చాలును.

ఇప్పుడు అసలు చిక్కు. కత్తిపీటతో తరిగే మనిషి కాయను రెండు చేతులా పట్టి అలుగు మీదికి తోస్తాడు; బలం నిలువుగా దిగుతుంది. మన చేయి ఈ అలవాటును మరువదు. పలుచని జపాను కత్తిని కొబ్బరికాయ మీద, వేటమాంసపు ఎముక మీద, గడ్డకట్టిన బెండకాయల మీద అదే ధాటితో దించితే, లేదా గుమ్మడికాయలో దించి పక్కకు మెలితిప్పితే, అంచు చంద్రవంకలాగా ఊడుతుంది. మామిడి టెంక సంగతి చెప్పనక్కరలేదు. ఆవకాయకు బరువైన మొరటు కత్తి వేరుగా ఉండవలసినదే.

మచ్చల విషయం మరొకటి. నిమ్మకాయ, పచ్చి మామిడి, గోంగూర, టమాటో – అన్నీ ఆమ్లాలే. నిమ్మరసపు పి.హెచ్. రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఆ ఇనుము ఫెర్రిక్ రూపం పొందుతుంది. వంకాయ, అరటికాయలలోని ఫినాల్ జాతి పదార్థాలు, టానిన్లు దానితో కలిస్తే నల్లని సంయోగం ఏర్పడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి మన తాతలు సిరా చేసుకొన్నది ఈ చర్యతోనే. కనుక అరటికాయ ముక్కలు నల్లబడితే విషమేమో అని బెదరనక్కరలేదు; కత్తి సిరా చేస్తున్నదని గ్రహించాలి. కొన్ని వారాలకు అలుగు మీద నీలి బూడిద రంగు పొర స్థిరపడుతుంది, తరువాత మచ్చలు తగ్గుతాయి. ఎర్రని తుప్పు మాత్రం వేరు. అది పొరలుగా లేచి లోపలికి తింటుంది. చింతపండుతో ఇత్తడి తోమినట్లు ఈ కత్తిని తోమితే రక్షణ పొర కాస్తా కరిగిపోతుంది.

స్టెయిన్‌లెస్ కత్తిని కాపాడేది కొన్ని నానోమీటర్ల మందం గల క్రోమియం ఆక్సైడు పొర. కార్బన్ అధికంగా ఉన్నప్పుడు క్రోమియంలో కొంత కార్బైడుగా మారిపోతుంది; మిగిలినదే పొరకు పనికివస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను గుచ్చుతుంది. ఊరగాయ ముక్క కోసి రాత్రంతా సింకులో వదిలేస్తే వి.జి.-10 కూడా చుక్కలు పడగలదు. గిన్నెలు కడిగే యంత్రం ఏ జపాను కత్తికీ తగదు: క్షారపు సబ్బు, వేడి, గిన్నెల రాపిడి, కొయ్య పిడికి నాని ఎండే శిక్ష. కోసిన వెంటనే కడిగి తుడవడమే మార్గం. కోత బల్ల కొయ్యది కావాలి. గాజు, గ్రానైటు పలకలు వాదరను ఒక్క పూటలో చంపుతాయి.

పదును పోయినప్పుడు విద్యుత్ చక్రాల యంత్రంలో లాగరాదు. వెయ్యి సంఖ్య గల నీటి సానరాయి ఒకటి, ఆపైన మూడు వేలో ఆరు వేలో మరొకటి, ఇంతే సరంజామా. రాయిని తడిపి, వాలు మారకుండా తోస్తూ పోతే, రెండవ వైపు వేలికి సన్నని బొబ్బర తగులుతుంది. అది అంచు పొడుగునా తగిలిన తరువాతే కత్తి తిప్పాలి. ఈ ఓపిక లేనివారు మొదటే తెల్ల కాగితం జోలికి పోకుండా ఉండడం మేలు.

కొంతకాలం వాడకుండా దాచే కార్బన్ ఉక్కు కత్తికి నూనె పూయాలి. జపానులో కమేలియా గింజల నూనె రాస్తారు. దానిలో ఎక్కువ పాలు ఓలేయిక్ ఆమ్లం కావడం వలన త్వరగా జిగురెక్కదు. నువ్వుల నూనెలో లినోలేయిక్ ఆమ్లం హెచ్చు. గాలి తగిలి కొద్ది వారాలలో బంకగా మారుతుంది. కొబ్బరి నూనె సంతృప్తమైనది గనుక జిగురు కాదు. అయితే ఇరవైనాలుగు డిగ్రీల దిగువన అది గడ్డకడుతుంది. జెర్సీ సిటీ చలికాలంలో కత్తి మీద తెల్లని పేరు కనబడితే అది నూనే, వేడి గుడ్డతో తుడిస్తే పోతుంది.