షాక్ తగిలిన మనిషిని చేత్తో పట్టుకోకండి

తడి బట్టలు ఆరేయబోయి ఇల్లాలు ఇనుప తీగ దండెం పట్టుకుంటుంది. ఆ తీగకు ఎక్కడో కరెంటు వైరు తగిలి ఉంటుంది. కేక విని భర్త పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టి లాగుతాడు. అతనికీ షాక్ కొడుతుంది. ఇలాంటి వార్తలు మీరు చదివే ఉంటారు. కాపాడబోయిన వారికి కూడా ప్రమాదం ఎందుకు జరుగుతుందో తెలుసుకుందాం.

కరెంటును సులువుగా పోనిచ్చే పదార్థాలను విద్యుత్ వాహకాలు అంటారు. రాగి, అల్యూమినియం, ఇనుము వంటి లోహాలలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదులుతాయి. అందుకే అవి మంచి వాహకాలు. ప్లాస్టిక్, రబ్బరు, పింగాణీ, ఎండు కర్ర వంటి వాటిలో ఎలక్ట్రాన్లు అలా కదలలేవు. ఇవి విద్యుత్ బంధకాలు. వైరు లోపల రాగి, పైన ప్లాస్టిక్ తొడుగు ఉండేది ఇందుకే.

మరి మన శరీరం? అందులో నీరు, లవణాలు ఉన్నాయి కాబట్టి అదీ వాహకమే. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. చర్మం తడిస్తే ఆ అడ్డు బాగా తగ్గిపోతుంది. ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన శరీరం నిరోధం 1000 ఓమ్‌లు అనుకుంటే, ఒంట్లో 230 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పడానికి 100 మిల్లీఆంపియర్లు చాలు. మీరు ఆ మనిషిని ముట్టుకుంటే కరెంటు మీ ఒంటి గుండా కూడా నేలలోకి పోతుంది.

కాబట్టి ఇలా చేయండి:

1. ముందుగా మెయిన్ స్విచ్ ఆపండి.

2. ఆపే వీలు లేకపోతే, చెప్పులు వేసుకుని పొడి చెక్కపీట మీద నిలబడి, ఎండు కర్రతో వైరును తప్పించండి. పచ్చి కర్ర, తడి కర్ర పనికిరావు.

3. వీధిలో 11 వేల వోల్టుల లైను తెగిపడితే కర్ర కూడా కాపాడదు. దూరంగా ఉండి విద్యుత్ సిబ్బందికి చెప్పండి.

4. కరెంటు తొలగాక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

5. మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల కండరాలు కాలి ఉండవచ్చు. గుండె లయను ఈసీజీ తీసి చూడాలి.

ఇంటికి వెళ్లగానే ఇనుప దండెం విప్పేసి నైలాన్ తాడు కట్టండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.